నడివయసులో వ్యాపారం వదిలి విదేశాలకు వెళ్ళాలా? బరంపురం వైపు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని బరంపురం. బడా బజారు దగ్గర అప్పడాలు, వడియాలు, ఊరగాయల వ్యాపారం. నాన్నగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేనూ మా ఆవిడా చూసుకుంటున్నాం. 2023లో నాకు 44, తనకి 41 ఉన్నప్పుడు కెనడా వెళ్ళిపోదామని గట్టిగా అనుకున్నాం. ఏడాదిన్నర ఆ పని మీదే తిరిగాం. అప్పటి నుంచి ఇటు ఇచ్ఛాపురం మొదలు అటు పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ దాకా తెలిసినవాళ్ళూ, వాళ్ళకి తెలిసినవాళ్ళూ ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను. నేను సీఏనీ కాదు, లాయరునీ కాదు. వీసా నియమాలు కూరగాయల ధరల్లా మారుతుంటాయి. కాబట్టి ఎవరికైనా డబ్బు కట్టేముందు ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి.

మాకు 45 దగ్గరపడ్డాయి. ఆలస్యమైపోయిందా?

కొన్ని దేశాలకైతే అయిపోయింది. కెనడాకి మార్కుల లెక్కన వలస వెళ్ళే పద్ధతి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ, అందులో వయసుకీ మార్కులుంటాయి. భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే, దరఖాస్తు ఎవరి పేరున పెడితే వాళ్ళకి 20 నుంచి 29 ఏళ్ళ దాకా 100 వస్తాయి. 40కి 45, 41కి 35, 42కి 25, 43కి 15, 44కి 5. 45 నిండితే సున్నా. నలభై దాటాక ప్రతి పుట్టినరోజుకీ పది మార్కులు కోసి పంచిపెట్టినట్టే. ఆస్ట్రేలియా పాయింట్ల వీసాలకి (189, 190, 491) ఆహ్వానం అందేనాటికి 45 నిండకూడదు.

అందుకే మేం దరఖాస్తు మా ఆవిడ పేరున పెట్టాం. తను నాకంటే మూడేళ్ళు చిన్నది, బరంపురం యూనివర్సిటీలో ఎం.కాం చేసింది, ఇంగ్లిష్ నాకంటే నయం. అయితే ఇక్కడ మన ఇళ్ళలో ఒక చిక్కుంది. దుకాణం లెక్కలన్నీ ఇల్లాలే రాస్తుంది, సరుకు తనే చూస్తుంది, కాగితాల్లో మాత్రం ఎక్కడా ఉండదు. కెనడా వాళ్ళకి జీతమో ఆదాయమో తీసుకుని చేసిన పనే అనుభవం. ఉత్తినే ఇరవయ్యేళ్ళు చేసినా లెక్కలోకి రాదు. మేం 2019లో బ్యాంకు లోను కోసం భాగస్వామ్య పత్రం రాయించుకున్నాం. అందులో తనని భాగస్వామిగా చూపించి నెలనెలా కొంత పారితోషికం రాశాం. దాంతో గట్టెక్కాం. వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ పని మాత్రం ఇప్పుడే చేసుకోండి.

ఇంత చేసినా మా స్కోరు 400 దగ్గరే ఆగింది. ఎక్కువ స్కోరున్నవాళ్ళని పిలిచే డ్రాల్లో, 2024 మొదట్లో జరిగిన సాధారణ డ్రాలన్నీ 500 పైనే పోయాయి. అంటే ఆ తలుపు మాకు మూసినట్టే. మిగిలింది డబ్బు పెట్టి వెళ్ళే దారి.

వ్యాపారస్థులకి వేరే వీసా ఉంటుంది కదా?

ఉండేవి, ఒక్కొక్కటే మూసేస్తున్నారు. ఈ ప్రశ్న అడిగే ప్రతివాళ్ళకీ ఎవరో ఒక ఏజెంటు పదేళ్ళనాటి కథ చెప్పి ఉంటాడు.

కెనడా కేంద్ర ప్రభుత్వం తన ఇన్వెస్టర్, ఆంత్రప్రెన్యూర్ పథకాలు రెంటినీ 2014లోనే ఎత్తేసింది. స్వయం ఉపాధి పథకానికి 2024 ఏప్రిల్ చివరి నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. స్టార్టప్ వీసాకీ 2025 ఆఖరుకి తలుపులు వేసేశారు. ఇక ఉన్నవి రాష్ట్రాల పథకాలు. వాళ్ళు ముందు మీ ఆస్తి ఎంతో, అది ఎలా వచ్చిందో లెక్క అడుగుతారు. ఆస్ట్రేలియాలో వ్యాపారుల 188 వీసా 2024 జులై 31తో ఆగిపోయింది. బ్రిటన్ పెట్టుబడి వీసాని 2022 ఫిబ్రవరిలో రద్దు చేసింది. అక్కడ ఇన్నోవేటర్ ఫౌండర్ అని ఒకటుంది గానీ, దానికి మీ వ్యాపారం కొత్త ఆలోచన అని గుర్తింపు పొందిన సంస్థ ఒకటి ఆమోదించాలి. కిరాణా దుకాణం, అప్పడాల షాపు ఆ కోవలోకి రావు.

అమెరికా గురించి ఒక మాట. ఈ-2 అనే వ్యాపారుల వీసా గురించి యూట్యూబులో చూసి చాలామంది అడుగుతారు. అది అమెరికాతో ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే. భారత్‌కి ఆ ఒప్పందం లేదు, అక్కడితో ఆ మాట వదిలేయండి. పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డు తెచ్చుకునే ఈబీ-5 ఉంది. 2022 నుంచి వెనుకబడిన ప్రాంతాల్లో అయితే 8 లక్షల డాలర్లు, మిగతా చోట్ల పదిన్నర లక్షల డాలర్లు పెట్టాలి, పది ఉద్యోగాలు కల్పించాలి. కంపెనీ తన మనిషిని అమెరికా శాఖకి పంపే ఎల్-1 వీసా పెట్టి అక్కడ బ్రాంచి తెరవొచ్చు. కానీ ఇక్కడి కంపెనీ మీరు లేకుండా నడవగలదని చూపించాలి. మన గల్లాపెట్టె కంపెనీల్లో అది చెప్పడం తేలిక, చూపించడం కష్టం.

ఎక్కడికి వెళ్ళినా అందరికీ అడ్డు తగిలేది ఒకటే. ఏటా ఐటీ రిటర్నులో ఆరు లక్షలు చూపించి, ఇప్పుడు మూడు కోట్ల ఆస్తి ఉందంటే వాళ్ళు నమ్మరు. నమ్మితే ఇక్కడి ఐటీ వాళ్ళు ఊరుకోరు. పన్ను మిగిలిందని ఇన్నాళ్ళూ సంతోషపడిన డబ్బు వీసా ఆఫీసరు ముందు డబ్బే కాదు.

మరి దుబాయ్?

మనవాళ్ళకి అందుబాటులో ఉండేది అదే. వయసు మార్కులు లేవు, ఇంగ్లిష్ పరీక్ష లేదు. 2021 నుంచి చాలా వ్యాపారాలకి స్థానిక భాగస్వామి అక్కర్లేకుండా నూటికి నూరు వాటా మనమే పెట్టుకోవచ్చు. వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. అయితే 2023 జూన్ నుంచి కంపెనీ లాభం 3,75,000 దిర్హాములు దాటితే 9 శాతం పన్ను పడుతోంది. 20 లక్షల దిర్హాముల ఇల్లు కొంటే పదేళ్ళ గోల్డెన్ వీసా వస్తుంది.

కాకపోతే అది వలస కాదు, అద్దె ఇల్లు. ఎన్నేళ్ళు ఉన్నా మనలాంటివాళ్ళకి పౌరసత్వం దారి ఉండదు. ముసలితనంలో ఎక్కడుంటాం అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. పదేళ్ళు సంపాదించుకుని తిరిగొచ్చే ఆలోచన ఉన్నవాళ్ళకి బాగుంటుంది.

దుకాణం అమ్మేయాలా, ఎవరికైనా అప్పగించాలా?

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. వీసా గురించి వంద ప్రశ్నలు అడిగేవాళ్ళు దీన్ని చివర్లో, ఫోన్ పెట్టేసేముందు అడుగుతారు.

మీ దుకాణం విలువ ఎంత? సరుకు, ఫ్రిజ్జులు, పిండి మర, షాపు అడ్వాన్సు అన్నీ కలిపి ఒక అంకె చెబుతారు. మేమూ అలాగే లెక్క వేసుకున్నాం. తర్వాత 2024 జనవరిలో ఆరు వారాలు ఒంటారియోలో ఉన్న మా మరదలి ఇంటికి వెళ్ళాం. ఆ దేశం ఎలా ఉంటుందో చూద్దామని, మేం లేకపోతే ఇక్కడ ఏమవుతుందో చూద్దామని. దుకాణం మా తమ్ముడికి అప్పగించాం. నమ్మకస్థుడు, తెలివైనవాడు, పైసా తేడా రానివ్వడు.

మా అప్పడాలు ఒత్తేది చుట్టుపక్కల వీధుల్లో ఉండే పదిహేనుమంది ఆడవాళ్ళు. శనివారం సాయంత్రం స్టీలు డబ్బాల్లో అప్పడాలు తెచ్చి తూకం వేయించుకుంటారు, కూలి తీసుకుంటారు, వచ్చేవారానికి పిండి పట్టుకుపోతారు. వాళ్ళలో ఒకావిడ డబ్బా మూత తీయకుండా కాసేపు నిలబడిందంటే అడ్వాన్సు కావాలని అర్థం. నోటితో ఎప్పుడూ అడగదు. నేను తూకం కాగితం కింద రెండు వేలు పెట్టి ఇచ్చేస్తాను. పుస్తకంలో ఆవిడ పేరు పక్కన చిన్న చుక్క ఉంటుంది, అంతే. మా తమ్ముడికి ఆ చుక్క గురించి నేను చెప్పలేదు. చెప్పాలని నాకే తట్టలేదు. ఆవిడ రెండు శనివారాలు అలాగే నిలబడి వెళ్ళిపోయింది. మూడోవారం నుంచి వేరేవాళ్ళకి ఒత్తడం మొదలుపెట్టింది, పోతూ పోతూ ఇంకో ఇద్దర్ని తీసుకుపోయింది. ఇంకోవైపు, నేనైతే పదివేలకు మించి అరువివ్వని ఒక హోటలు ఆయనకి తమ్ముడు నలభై వేల సరుకిచ్చాడు. ఆయన మాట తీరు చూసి మోసపోయాడు, పాపం.

ఆరు వారాల్లో నష్టం పెద్దదేం కాదు. కానీ మేం వేసుకున్న లెక్క తప్పని తెలిసింది. మన వ్యాపారంలో సగం సరుకు, సగం మొహం. ఎవరికి అరువివ్వాలి, ఎవరిని అడక్కూడదు, ఏ వర్తకుడు మినపప్పు రేటు పెంచేముందు మనకి ఫోన్ చేస్తాడు అన్నవి అమ్మకానికి రావు. విమానంలో రావు. కొన్నవాడికీ దక్కవు.

కాబట్టి నా సలహా: ఏ ఫైలూ పెట్టకముందు మూడు నెలలు దుకాణానికి వెళ్ళకండి. ఊళ్ళోనే ఉండండి, కానీ గల్లా దగ్గర కూర్చోవద్దు, ఫోన్లో జవాబులు చెప్పొద్దు. ఆ మూడు నెలల్లో అమ్మకం ఎంత పడిపోయిందో చూస్తే మీ వ్యాపారానికి అసలు ధర ఎంతో తెలుస్తుంది. ఇప్పటిదాకా ఈ మాట విన్నవాళ్ళలో ఒక్కరూ మూడు వారాలు దాటలేదు.

కాగితాల సంగతి. సొంత పేరున ఉన్న వ్యాపారమైతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ మీ పాన్‌తో ముడిపడి ఉంటుంది. వేరేవాళ్ళకి బదిలీ చేసేటప్పుడు మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి. రిజిస్ట్రేషన్ రద్దయ్యాక మూడు నెలల్లో చివరి రిటర్ను వేయాలి. ఎల్‌ఎల్‌పీగా (పరిమిత బాధ్యత భాగస్వామ్యంగా) మార్చుకుంటే భాగస్వాముల్లో ఒకరైనా ఏడాదిలో 120 రోజులు ఇండియాలో ఉన్నవారై ఉండాలి. ప్రైవేటు లిమిటెడ్ అయితే ఒక డైరెక్టరు 182 రోజులు. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (వ్యాపారానికి వాడుకునే అప్పు) ఉంటే మీరిచ్చిన వ్యక్తిగత హామీ విమానం ఎక్కినంత మాత్రాన తీరిపోదు. బ్యాంకుకి చెప్పి, తమ్ముడో అల్లుడో కొత్త హామీ ఇచ్చాకే మీది విడిపించుకోండి.

ఇల్లు, స్థలం ముందే అమ్మాలా, వెళ్ళాక అమ్మాలా?

అమ్మే ఉద్దేశమే ఉంటే వెళ్ళకముందే అమ్మండి. 2024 జులై 23కి ముందు కొన్న స్థలమో ఇల్లో అయితే, ఇక్కడ నివాసిగా ఉండి అమ్మినవారికి రెండు దారులు: 12.5 శాతం పన్ను, లేదా ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం. ఏది తక్కువైతే అది. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక ఆ రెండో దారి లేదు. పైగా మీరు నివాసి అయితే కొనేవాడు 50 లక్షలు, ఆ పైన ఉన్న అమ్మకాల్లో ఒక్క శాతం టీడీఎస్ (ముందుగానే పట్టే పన్ను) కోస్తాడు. ఎన్‌ఆర్‌ఐ అయితే ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం అమ్మకం ధర మీదే పన్నెండున్నర శాతానికి పైగా కోసేస్తాడు. తర్వాత రిటర్ను వేసి తెచ్చుకోవచ్చు, కానీ పెద్ద మొత్తం ఏడాది పాటు ఇరుక్కుపోతుంది.

పొలం ఉంటే ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చినా పరవాలేదు. ఎన్‌ఆర్‌ఐగా కొత్తగా పొలం కొనడం మాత్రం కుదరదు.

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ వాళ్ళకి ఒక మాట విడిగా చెప్పాలి. ఆ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్ ఉంది, 2002 సవరణతో అది ఇంకా బిగిసింది. తాతల నాడు తెల్లకాగితం మీద రాయించుకున్న స్థలంలో మూడంతస్తుల షాపు కట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. పన్ను కడుతున్నారు, కరెంటు మీటరుంది, ఆస్తి మాత్రం వాళ్ళది కాదు. వీసా కోసం ఆస్తి విలువ కట్టించేటప్పుడు ఇలాంటివి బయటపడతాయి. వీసా ఊసే లేకపోయినా రికార్డు తీసి చూసుకోవడం మంచిది.

డబ్బు ఎంత తీసుకెళ్ళొచ్చు?

నివాసిగా ఉన్నంతకాలం ఒక్కొక్కరూ ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. మార్చిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి పంపితే భార్యాభర్తలిద్దరికీ కలిపి పది లక్షల డాలర్లు. పెట్టుబడి లాంటి వాటికి ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అది పోయిన డబ్బు కాదు, మీ పన్నులో సర్దుతారు, మిగిలితే వాపసు. కానీ ఆ రోజుకి చేతిలో ఉండాలి కదా, అక్కడే టెన్షన్.

ఎన్‌ఆర్‌ఐ అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌వోగా (ఎన్‌ఆర్‌ఐల ఇక్కడి డబ్బు కోసం ఉండే ఖాతాగా) మార్పించుకోవాలి. అందులోంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, సీఏ సర్టిఫికెట్ కావాలి. ఉన్న పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుపుకోవచ్చు, కొత్తది తెరవలేరు.

మరో సంగతి. కెనడా లాంటి చోట నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ చూపించాలి. బరంపురం దుకాణం లాభం, గిరి రోడ్డు గది అద్దె కూడా. ఇక్కడ కట్టిన పన్నుకి అక్కడ తగ్గింపు దొరుకుతుంది, దాచిపెడితే దొరకదు.

సర్టిఫికెట్లలో పేర్లు కలవడం లేదు, ఏం చెయ్యాలి?

ఇది ఆంధ్రాలో ఉండే తెలుగువాళ్ళకి లేని తలనొప్పి, అచ్చంగా మనది. ఒడియాలో మన 'వ' మామూలుగా 'బ' అయిపోతుంది. మా నాన్నగారు వెంకటరావు. మునిసిపాలిటీ రికార్డులో బెంకట రాఓ. దాన్నెవరో ఇంగ్లిష్‌లోకి దింపితే బెంకట్ రావ్. నా స్కూలు సర్టిఫికెట్లో తండ్రి పేరు ఒకలా, భూమి పట్టాలో ఇంకోలా, పాస్‌పోర్టులో మరోలా ఉంది. ఇంటిపేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. మనకి ముందుంటుంది, ఒక పొడి అక్షరంగా. పాస్‌పోర్టు వాళ్ళు చివరి పేరు అడుగుతారు, మనం రావు అని రాస్తాం, దాంతో అన్నదమ్ములకీ మేనమామలకీ అందరికీ రావే ఇంటిపేరవుతుంది.

ఒక కాగితాన్ని అసలుగా పెట్టుకోండి, పాస్‌పోర్టు అయితే మేలు. మిగతావన్నీ దానికి సరిపోయేలా దిద్దించండి, లేదా ఈ పేర్లన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించండి. 1970లలో పుట్టిన చాలామందికి జనన ధ్రువపత్రమే లేదు, పదో తరగతి సర్టిఫికెట్టే పుట్టిన తేదీకి ఆధారం. పెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించనివాళ్ళు ఇప్పుడైనా చేయించండి. మా పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి సబ్ రిజిస్ట్రారు ముందు దండలు లేకుండా నిలబడి సంతకాలు పెట్టాం. సాక్షిగా వచ్చిన మా బావ మాత్రం మిఠాయి కావాలని పట్టుబట్టాడు.

పేర్లు దిద్దించడానికి మాకు పట్టిన సమయం ఏడు నెలలు. మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ కాలం తిన్నది ఇదే.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా?

కెనడాలో సూపర్ వీసా ఉంది, ఒక్కసారి వెళ్తే అయిదేళ్ళ దాకా ఉండొచ్చు. కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా ఏడాదికి చూపించాలి. డెబ్భై దాటి, షుగరూ బీపీ ఉన్నవాళ్ళకి ఆ ప్రీమియం ఎంతో ముందు కనుక్కోండి, తర్వాత మాట్లాడదాం. బ్రిటన్‌కి పెద్దవాళ్ళని శాశ్వతంగా తీసుకెళ్ళడం దాదాపు కాని పని.

కానీ అసలు వాళ్ళు వస్తారా అని అడిగారా? మా నాన్నగారికి 76. అడిగితే, "రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకి ఎలా వస్తాను?" అన్నారు. అది మా ఊరి అమ్మవారి జాతర. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన కాదనడానికి అంతకంటే మర్యాదైన దారి లేదనిపించింది.

పిల్లల కోసమే వెళ్తున్నాం అంటే?

పిల్లల వయసెంతో చెప్పండి ముందు. మీ దరఖాస్తులో బిడ్డగా రావాలంటే కెనడాకి 22 లోపు, అమెరికాకి 21 లోపు, బ్రిటన్‌కి 18 లోపు ఉండి, పెళ్ళి కాకూడదు. మీ అబ్బాయికి 19 ఉండి, మీరు ఫైలు పెట్టడానికే నాలుగేళ్ళు పడితే, మీరు వాడి కోసం వెళ్ళేసరికి వాడు మీతో రాలేడు. ఆ వయసు పిల్లలున్నవాళ్ళు వాళ్ళని చదువుకి పంపడమే నయం. దానికి మీరు దుకాణం కట్టేయనక్కర్లేదు.

ఇద్దరిలో ఒకరికి ఇష్టం లేదు.

మా ఇంట్లో ఇష్టం లేనిది నాకు. చాలామంది ఇంకోలా అనుకుంటారు.

మా ఆవిడ పుట్టింది కటక్‌లో, మెట్టింది బరంపురంలో. ఇరవయ్యేళ్ళుగా ఉమ్మడి కుటుంబంలో, దుకాణం వెనక గదిలో లెక్కలు రాస్తోంది. తనకి కెనడా అంటే సొంత పేరున జీతం. నాకు కెనడా అంటే గల్లా దగ్గర నుంచి లేచి వేరేవాడి గల్లా ముందు నిలబడటం. ఊళ్ళో నన్ను సేటు అని పిలుస్తారు, అక్కడ ఎవరు పిలుస్తారు? సిగ్గుపడే మాటే అయినా దాచడం దేనికి. ఇద్దరం పైకి చెప్పుకున్న కారణాలు పిల్లలు, గాలి, రోడ్లు, తుపాన్లు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి గోడౌను రేకులన్నీ ఎగిరిపోయాయి, అప్పటి నుంచే తను ఈ ఊరు వదలాలంటోంది. కానీ అసలు మాటలు ఏడాది తర్వాత గానీ బయటికి రాలేదు.

ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాయండి: వెళ్తే నాకేం పోతుంది, ఉంటే నాకేం పోతుంది. ఒకరిది ఒకరు చదవండి. పిల్లల పేరు రాయకూడదు. పిల్లల వెనక దాక్కోవడం సులువు.

అక్కడ ఇదే వ్యాపారం పెట్టుకోవచ్చు కదా? మన ఊరగాయకి గిరాకీ ఉంటుంది.

గిరాకీ ఉంది, ఇప్పటికే అమ్మేవాళ్ళూ ఉన్నారు. మా మరదలి ఊళ్ళో ఇండియన్ స్టోరులో అప్పడాల అర మొత్తం చూశాను, పన్నెండు రకాలు. ఇంటి వంటింట్లో చేసి అమ్మడానికి నియమాలు గట్టిగా ఉంటాయి, ఎండబెట్టడానికి ఎండే లేదు. జనవరిలో బాల్కనీ తలుపు తెరిచి చూసి నవ్వుకున్నాను. మినప్పిండి ఒత్తి అక్కడ పెడితే అప్పడం కాదు, పలకవుతుంది. ఇక్కడ తయారుచేసి అక్కడికి ఎగుమతి చేయడం వేరే దారి, దానికి వలస అక్కర్లేదు. మేం ఇప్పుడు ఆ పనిలో ఉన్నాం, నెమ్మదిగా.

ఏజెంటుని పెట్టుకోవాలా?

విశాఖలో ఒకచోట మేం లక్షన్నర కట్టాం. "బిజినెస్ వీసా గ్యారంటీ" అన్నారు. రసీదులో మాత్రం "కౌన్సెలింగ్ ఫీజు" అని ఉంది, అది ఇంటికొచ్చాక చూసుకున్నాం. అక్షరం అక్షరం చూసి చెక్కులు తీసుకునే మనిషిని, రసీదు చదవలేదు. డబ్బు తిరిగి రాలేదు.

కెనడా పని చేసే కన్సల్టెంటుకి అక్కడి కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో లైసెన్సు ఉండాలి, పేరు వాళ్ళ జాబితాలో వెతుక్కోవచ్చు. ఆస్ట్రేలియాకీ బ్రిటన్‌కీ అలాంటి రిజిస్టర్లే ఉన్నాయి. అమెరికా అయితే లాయరే. గ్యారంటీ అన్న మాట వినపడగానే లేచి రండి.

వెళ్ళాక కుదరకపోతే వెనక్కి రావచ్చా?

కాగితాల ప్రకారం రావచ్చు. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) నిలబడాలంటే అయిదేళ్ళలో 730 రోజులు అక్కడ ఉంటే చాలు, అంటే సగానికి తక్కువే. పౌరసత్వం తీసుకుంటే మాత్రం భారత పౌరసత్వం పోతుంది, మనకి ద్వంద్వ పౌరసత్వం లేదు. వేరే దేశం పౌరులైన భారతీయులకిచ్చే ఓసీఐ కార్డుతో వచ్చి ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. ఓటు లేదు, పొలం కొనలేరు.

మా తాతగారి బాబాయి ఒకాయన గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడు. అప్పట్లో గంజాం నుంచి ఎందరో అలా వెళ్ళారు, బియ్యం మిల్లుల్లో పనికి. 1942లో జపాను వాళ్ళు బర్మా మీదికి వచ్చినప్పుడు నడిచి తిరిగొచ్చాడు. ఇంట్లో ఆయనకి గది ఇచ్చారు, పెళ్ళి చేశారు, బాగానే చూసుకున్నారు. అప్పటి దుకాణం గల్లా దగ్గర మాత్రం చోటు లేదు. ఆ చోట్లో అప్పటికే తమ్ముడు కూర్చున్నాడు. మా నాన్నగారు ఈ కథ చెప్పినప్పుడల్లా అక్కడికొచ్చి ఆపేస్తారు.

తిరిగొచ్చే దారి ఉంచుకోవాలనుకుంటే ఇల్లు ఉంచుకోవడం కాదు, దుకాణంలో మీ భాగం ఎంతో కాగితం మీద రాయించుకుని వెళ్ళండి. తమ్ముడు మంచివాడే. తమ్ముడి భార్యా మంచిదే. అయినా రాయించుకోండి.

చివరికి మీరెందుకు వెళ్ళలేదు?

ఒక రాష్ట్రం పథకంలో పెట్టుబడి దారి మిగిలింది. మా ఆస్తి లెక్క దానికి అంతంతమాత్రంగా సరిపోయేది, అన్నీ అమ్మితే. ఒంటారియో నుంచి వచ్చాక ఆ శనివారం దుకాణానికి వెళ్ళాను. వెళ్ళిపోయిన ముగ్గురు ఆడవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి అడిగితే ఇద్దరు తిరిగొచ్చారు. డబ్బా మూత తీయకుండా నిలబడే ఆవిడ మాత్రం రాలేదు. ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని, ఎగుమతి లైసెన్సుకి దరఖాస్తు పెడదాం, అది మా ఆవిడ పేరున, లాభం తన ఖాతాలోకి అని తేల్చుకున్నాం. తను ఒప్పుకుంది గానీ పూర్తిగా కాదు. ఫైలు బీరువాలోనే ఉంది, పారేయనివ్వలేదు.

ఈ దసరా వెళ్తే తనకి 45. మిగిలిన అయిదు మార్కులూ పోతాయి. ఆ రోజు కేకు తెస్తానన్నాను. వద్దు, ఆ వారం మొదటి పార్సిలు పంపాలి, పెట్టెల మీద లేబుళ్ళు అంటించే పని ఉంది అంది.